మూడో స్టేజీ దాటని విమానం

ఫోన్ ఛార్జర్ మరీ వేడెక్కినప్పుడు వచ్చే ప్లాస్టిక్ వాసన తగిలితే చాలు, ఆల్థాన్‌లోని ఈ ఫ్లాటు పక్కకు తప్పుకుని, చిన్నప్పుడు ఇదే నగరంలో, బమ్రోలిలో మేముండిన ఒంటి గది కళ్ల ముందుకొస్తుంది. గదులన్నీ వరుసగా ఉండి, ముందు అందరికీ కలిపి ఒకటే వరండా ఉండేది. కింద మరమగ్గాల కార్ఖానాలు, మా మాటలో సాంచెలు, పొద్దస్తమానం టకటకలాడేవి. నాయిన వాటిలో ఒకదానిలో నేత పనిచేసేవాడు. ఆయన చొక్కాల నూనె కంపు, పక్క గది శాంతాబెన్ పోపులో ఇంగువ, అమ్మ చేసే పచ్చిపులుసు వాసన కలిసి ఆ వరండాలో తిరిగేవి. బతుకమ్మ దగ్గరికొస్తే, తంగేడు పూలు దొరకని ఊళ్లో అమ్మ బంతిపూలతోనే సరిపెట్టుకుని, నువ్వుల ముద్దలు చేసి గది గదికీ పంచేది.

ఆ రోజుల్లో అన్న శ్రీనుకూ నాకూ ప్రాణమంతా ఒక టీవీ గేమ్ మీదే ఉండేది. మామ కొడుకులు ఆడి ఆడి వదిలేసిన, వేడెక్కితే ప్లాస్టిక్ వాసన కొట్టే డబ్బా, దాంతోపాటు ఒకే ఒక్క క్యాసెట్. వెండి రంగు విమానం ఎడమ నుంచి కుడికి పోతూనే ఉంటుంది. మన చెయ్యి ఆగినా తెర ఆగదు, ఎదురొచ్చేవాటిని కాల్చుకుంటూ, గుళ్లు తప్పించుకుంటూ పోవాలి. దూరపు కొండలు మెల్లగా, దగ్గరి మబ్బులు వేగంగా కదిలేవి, కాజీపేట పోయే రైలు కిటికీలోంచి చూసినట్టు. రెండో స్టేజీలో గోడలు దగ్గరికి జరిగే గుహ, మూడో దానిలో సముద్రం అడుగున మునిగిన ఓడలు, వాటి మధ్య వెలుగుతూ తేలే జెల్లీచేపలు. అంత చిన్న డబ్బాలోంచి అంత నిండైన సంగీతం ఎట్లా వచ్చేదో నాకిప్పటికీ ఆశ్చర్యమే. లోపాలూ తక్కువేం కాదు. ఒక్క గుండు తగిలితే విమానంతోపాటు పోగేసుకున్న ఆయుధాలన్నీ పోయేవి, ఆ తర్వాత ఉత్త తుపాకీతో నెగ్గుకురావడం అయ్యే పని కాదు. గుళ్లు ఎక్కువైతే ఆటంతా బురదలో నడిచినట్టు నెమ్మదించేది, కొన్ని గుళ్లు మిణుకుమిణుకుమని కనబడకుండా పోయేవి. పాజ్ నొక్కినా, విమానం కూలినా, స్టేజీ ముగిసినా సంగీతం టక్కున ఆగి, కాసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు. ఈ చివరిది లోపమని ఊరంతా ఖాళీ అయిన ఏడు దాకా మాకు తోచలేదు.

ఆ ఏడు వానలు తగ్గుతుండగా ఊళ్లో ప్లేగు వచ్చిందన్న మాట పాకింది. బడులు మూసేశారు. జనం ముఖాలకు రుమాళ్లు కట్టుకుని, పరుపులు చుట్టి నెత్తిన పెట్టుకుని స్టేషన్ దారి పట్టారు. పనివాళ్లు వెళ్లిపోయేసరికి సాంచెలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక మేమెన్నడూ వినని నిశ్శబ్దం అది. వరండా ఆ చివర చెంబు కింద పడినా ఈ చివరకు వినిపించేది. సరిగ్గా అప్పుడే అన్నకు జ్వరమూ దగ్గూ మొదలయ్యాయి.

"జరమున్నోళ్లను తీస్కపోతున్నరట, మల్ల సూడనిస్తలేరట" అని ఎవరో అమ్మతో అన్నారు. నాయిన టికెట్ల కోసం స్టేషన్‌కు పోయాడు. అమ్మ అన్నను గది మూల చీర అడ్డం కట్టి పడుకోబెట్టింది. మధ్యాహ్నం మందు గోళీలు పంచుతూ జ్వరమున్నవాళ్లను వెతికేవాళ్లు మెట్లెక్కి వస్తున్న అలికిడైంది.

"ఆట పెట్టు బిడ్డ. సప్పుడు పెంచు. ఆపకు" అంది అమ్మ, గొంతు తగ్గించి, చీర వైపు కళ్లతో చూపిస్తూ.

ఆడాను. గుహ దాటాను. తలుపు తలుపూ తడుతూ వాళ్లు దగ్గరికొస్తున్న కొద్దీ నా విమానం మూడో స్టేజీ చివరి యుద్ధనౌక ముందుకు చేరింది. నేను ఓడినా నిశ్శబ్దమే, గెలిచినా నిశ్శబ్దమే. అందుకే కాల్చడం మానేసి, తప్పించుకుంటూ అక్కడక్కడే తిరిగాను. బొటనవేలు చెమటకు జారుతోంది. వెనక చీర చాటున అన్న తువ్వాల నోట్లో కుక్కుకున్నాడని తెలుస్తోంది. తెర నిండా గుళ్లు, సంగీతం కూడా ముక్కలుముక్కలవుతోంది. కనబడకుండా పోయిన గుండొకటి ఎక్కడినుంచో వచ్చి తగిలింది.

ఆ నిశ్శబ్దంలో అన్న దగ్గాడు.

గోళీల సంచీతో గుమ్మంలో నిలబడ్డ ఆడమనిషి, ముఖానికి రుమాలుతో, "అందర్ కౌన్ హై?" అని, లోపలెవరని అడిగింది. అమ్మ చీర ముందుకు జరిగింది. వెనకనుంచి శాంతాబెన్ మెల్లగా, "లడ్కే కో దిఖా దో, బెన్" అంది, పిల్లాణ్ని చూపించమని. ఆ మనిషి లోపలికొచ్చి, చీర పక్కకు తీసి, ఏ సంకోచం లేకుండా అన్న నుదుటి మీద అరచెయ్యి పెట్టింది. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకుపోవాలని హిందీలో చెప్పింది.

"నేను గూడ వస్త. లేకుంటే పంప" అంది అమ్మ తెలుగులోనే. ఆ మనిషికి మా భాష రాకపోయినా తలూపింది.

టికెట్లతో తిరిగొచ్చిన నాయిన ఖాళీ చాపను చూసి, అడ్డం కట్టిన చీరను విప్పి మడతపెట్టి, ఆసుపత్రికి పోయాడు. వరుసలో మిగిలినవాళ్లు మా గుమ్మాన్ని తప్పించి అవతలి మెట్ల మీదుగా తిరుగుతుంటే, శాంతాబెన్ నన్ను తన గదిలో పెట్టుకుని, తన పిల్లల పక్కనే కూర్చోబెట్టి కిచిడీ, మజ్జిగ పులుసులాంటి కఢీ పెట్టింది. మెట్ల మీద అడుగుల చప్పుడైనప్పుడల్లా అమ్మావాళ్లేమోనని కళ్లు తలుపు వైపు పోయేవి. ఆ రోజులన్నీ గేమ్ వైపు చూడలేదు.

అది ప్లేగు కాదు, న్యుమోనియా. ఇంకాస్త ఆలస్యమైతే తమ చేతుల్లో ఉండేది కాదని డాక్టరు అమ్మతో అన్నాడట. ఇంటికొచ్చిన అన్న గోడకానుకుని కూర్చుని, మొదట అడిగిన మాట, "పెద్ద ఓడను కొట్టినవా?"

"లే. సచ్చిపోయిన."

"గా మాట అనకు" అంది అమ్మ.

అన్న నవ్వాడు, నవ్వుతోపాటు చిన్న దగ్గు వచ్చింది. అమ్మా, అన్నా, నేనూ ముగ్గురం చెవొగ్గి కూర్చున్నాం. ఇంకో దగ్గు రాలేదు.

ఆ వారం రైలెక్కిన కుటుంబాల్లో చాలామంది తిరిగిరాలేదు. ఆ గదుల వరుస కూల్చి ఎత్తైన కార్ఖానా కట్టారు. అన్న ఆ పక్క వీధిలోనే ఎంబ్రాయిడరీ మిషన్లు నడుపుతున్నాడు. శాంతాబెన్ ఊరి ఆ కొసన వరాఛాలో ఉన్న కొడుకు దగ్గరికి పోయి, అక్కడే కాలం చేసింది. అటువంటి ఆటలు ఇప్పుడు నా కూతురు ఫోన్‌లో ఆడుతుంది. తప్పు చేస్తే వెనక్కి తిప్పుకోవచ్చు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు. ఇక్కడ గోడలు మందం, తలుపులు గట్టివి. పక్క ఫ్లాటు పెద్దాయన చాలా రోజులుగా దగ్గుతో మంచం మీదున్నాడట. నిన్న లిఫ్టులో ఎవరో అనుకుంటుంటే తెలిసింది.