కబురు దారిలో ఉన్న రోజులు

మొన్న మధ్యాహ్నం ఎండబెట్టిన చేపల మీద కాకులు వాలకుండా కాపలా కూర్చుని, మనవరాలి సైన్సు పుస్తకం చదువుతున్నాను. నాకు అక్షరాలు వచ్చింది ఈ మధ్యనే, అదీ ఆ పిల్ల చలవే. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతాను. ఒత్తులు వచ్చిన చోట కాస్త ఆగి ఊపిరి తీసుకుంటాను. సూర్యుడి వెలుగు మన దాకా రావడానికి ఎనిమిది నిమిషాల పైనే పడుతుందని, చుక్కల వెలుగుకైతే ఏళ్లు, కొన్నింటికి వేల ఏళ్లు పడుతుందని అందులో ఉంది. తప్పు చదివానేమో అనుకుని పిల్లని పిలిచాను.

"సరిగ్గానే చదివావు అమ్మమ్మా. ఇప్పుడు సూర్యుడు ఆరిపోయాడనుకో, ఎనిమిది నిమిషాలు మనకి తెలీనే తెలీదు. నువ్వు చేపలు ఎండబెట్టుకుంటూనే ఉంటావు," అంది నవ్వుతూ.

నేను నవ్వలేదు. ఏడవనూ లేదు. పుస్తకం మూసి, కాకిని అదిలించాను.

మా ఆయన పోయింది సముద్రం మీద. వల లాగుతూ జారి నీళ్లలో పడ్డాడు. అదే బోటులో మా మరిది కూడా ఉన్నాడు. అప్పట్లో ఒడ్డు దాటితే ఫోన్లు పలికేవి కావు. ఆయన కోసం ఆ చుట్టుపక్కలే రోజుల తరబడి తిరిగి తిరిగి, ఇంటికి రావడానికి సరిపడా డీజిలు మాత్రమే మిగిలాక బోటు తిప్పారు. ఆ రోజులన్నీ ఒడ్డున నేను మామూలుగానే ఉన్నాను. ఇంటి కప్పు బాగుచేయించలేదని మనసులోనే ఆయనతో పోట్లాడాను. ఎండుచేపలు అమ్మడానికి నరసాపురం సంతకి వెళ్లి, ఆయనకి గళ్ల లుంగీ కొన్నాను. పక్క గంప దగ్గరావిడ చూసి, "ఏంటొదినా, మా అన్నయ్యకి మళ్లీ పెళ్లా ఏంటి?" అంది. "అవునే, పెళ్లికూతుర్ని కూడా నేనే," అన్నాను. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

బోటు వచ్చి, మరిది ఒక్కడే మా గుమ్మం ముందు నిలబడ్డాక, ఆ నవ్వు ఆయన పోకముందుదా, పోయాకదా అని ఆలోచించబోయి మానేశాను. అప్పుడు మొద్దుబారిన మనసు ఇప్పటికీ పూర్తిగా తేరుకోలేదు. మా అత్తగారు మాత్రం గట్టిగా చెప్పింది: "మైల చెవిన పడ్డప్పుడే మొదలు. మనకి తెలిసిన రోజే వాడు పోయిన రోజు." సముద్రం మీద పోయినవాళ్లకి మా ఇంట్లో అదే పద్ధతి. ఏటా ఆ రోజునే ఆయనకి అన్నం పెడుతున్నాం.

మొన్న ఆ పుస్తకం మూసిన సాయంత్రమే మరిది వచ్చాడు. తలంతా నెరిసిపోయింది.

"వదినా, అమ్మ కూడా వెళ్లిపోయింది. ఈ ఏడాదైనా అన్నకి అసలు రోజున పెడదామండి. ఏటా ఆ రోజు నేనొక్కణ్నే ఎవరికీ చెప్పకుండా పస్తుంటున్నాను. ఇంక నా వల్ల కావట్లేదు. ఏ రోజో చెప్పెయ్యనా?"

ఇన్నేళ్లలో నేనెప్పుడూ అడగలేదు. అతను నోరు తెరవబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను.

"నీ ఇంట్లో నువ్వు పెట్టుకో అబ్బాయ్, పస్తుండకు. మీ అన్న తిండికి రెండిళ్లు ఎక్కువేం కాదు. ఏ రోజో నాకు మాత్రం చెప్పకు."

అతను నేనిచ్చిన టీ తాగి, "సరేనండి," అని లేచాడు.

ఆయన ఏ రోజున పోయాడో తెలిస్తే, ఆ తర్వాత బోటు వచ్చేదాకా గడిచినవన్నీ ఆయన లేని రోజులైపోతాయి. తెలియనంత కాలం అవన్నీ నేను మొగుడితో కాపురం చేసిన రోజులే.