తొట్టి మార్చిన పదకొండు రోజులు

మా మరిది అబద్ధాలకోరు. పోయినవాణ్ణి అలా అనొచ్చా అంటే, అంటాను. నేను కాపురానికి వచ్చేనాటికి వాడు నిక్కర్లేసుకుని తిరిగేవాడు, ఆ మాత్రం హక్కు నాకుంది. అద్దకం పనిలో మాత్రం వాడికి వంక పెట్టేవాడు లేడు. ఉడికే తొట్టిలో కర్ర తిప్పుతూ, గుడ్డ ఎంతసేపు మునిగితే ఎంత ఎరుపు ఎక్కుతుందో గడియారం చూడకుండా చెప్పేవాడు. నేనూ అదే కార్ఖానాలో రంగు గుడ్డలు జాడించేదాన్ని.

వాడికి క్షయ అని తేలినప్పుడు ఆస్పత్రి నర్సు మాత్రల పెట్టె వాడికివ్వకుండా నా చేతిలో పెట్టింది. ఆరు నెలలు, ఒక్క రోజు కూడా మానకూడదంది. ఏ తేడా కనిపించినా వెంటనే రమ్మనీ చెప్పింది. ఆ రెండో మాట చెవిన పడింది కానీ బుర్రకెక్కలేదు. మొదటి వారంలోనే వాడు మాత్రలు బుగ్గన దాచి పెరట్లో ఊసొచ్చాడు. అప్పటినుంచి నోరు తెరిపించి, నాలుక ఎత్తించి మరీ చూసేదాన్ని. ఆ మందుకి మూత్రం నారింజ రంగులో వస్తుంటే, ఇక మనకి తొట్టి ఎందుకు వదినా అని నవ్వించేవాడు.

ఐదో వారం దాటాక ఛాతీ మీద దద్దుర్లు లేచాయి. మా కార్ఖానాలో దురద అంటే రంగు ఒంటికి పడలేదనే అర్థం. తొట్టి మారిస్తే మూడు రోజుల్లో తగ్గుతుంది. నాకే ఎన్నోసార్లు తగ్గింది. మేస్త్రీని బతిమాలి వాణ్ణి ఎరుపు నుంచి నీలానికి మార్పించాను. తగ్గలేదు. జాడించే చోటికి మార్పించాను. జ్వరం మొదలైంది. చివరికి పని మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టాను.

"రంగు కాదు వదినా, ఆ మాత్రలే. నాకు తెలుస్తోంది" అన్నాడు.

నీ వేషాలు నా దగ్గర కాదన్నాను. గ్లాసు నోటికి పెట్టాను. నాలుక ఎత్తించి చూశాను.

దద్దుర్లు లేచిన పదకొండో రోజుకి మొహం ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. రెప్పలు విడదీసి చూస్తే లోపల పచ్చగా ఉంది. చొక్కా విప్పితే చర్మం పొరలుగా దానితోపాటే వచ్చింది. అప్పుడు వేసింది నాకు భయం, బుద్ధిలేనిదానికి.

ఆస్పత్రికి మోసుకెళ్తే, డాక్టరు చూడగానే మాత్రలన్నీ ఆపించాడు. మందు వికటించింది, చర్మంతో ఆగకుండా కాలేయాన్నీ పట్టుకుంది అన్నాడు. దద్దుర్లు లేచినప్పుడే తెచ్చుంటే ఆపి, వేరే మందులకి మార్చేవాళ్ళట.

"ఒళ్ళంతా ఇలా అవుతుంటే ఇంకా ఎందుకు వేశారు?" అని అడిగాడు. పక్కనే మా ఆయన ఉన్నారు. నేను నోరు తెరిచేలోపు మంచం మీంచి మరిది గొంతు వినిపించింది.

"నేనే వేసుకున్నానండి. మా వదిన ఆపమనే చెప్పింది."

కాదు అనాల్సింది. అనలేదు.

ఆ తర్వాత ఆరు రోజులే ఉన్నాడు. పెదవులు చిట్లిపోయి చెంచాడు నీళ్ళు కూడా దిగేవి కావు. ఎవరూ లేనప్పుడు, అలా ఎందుకు చెప్పావని అడిగాను.

"అన్నయ్యతో బతకాల్సింది నువ్వు కదా" అన్నాడు.

ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన అదే చెప్తారు. ఇది ఆపమని మొత్తుకుంటూనే ఉంది, మొండివెధవ వినలేదు అని తమ్ముణ్ణి తిడతారు. తిట్టి ఏడుస్తారు. నేను పక్కనే కూర్చుని వింటాను.