తంగేడు మీద బోర్లించిన కుండ

నా చిన్నప్పుడు, జమ్మలమడుగులో మా బడి పెద్దయ్యవారు చేతికర్ర చివరతో నా తంగేడు మొక్కను తాకి, "ఈ కంప ఎవరు పెట్టారు?" అని అడిగిన క్షణంలోనే దానికి మూడిందని నాకు తెలిసిపోయింది. ఆయన గొంతులో కోపం కూడా లేదు. గోడ మీద బల్లిని చూపించినట్టు చూపించారు. అందుకే మరీ భయమేసింది.

అప్పుడు ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. పెద్దయ్యవారు సముద్రపు ఊళ్ల వైపు నుంచి బదిలీ మీద వచ్చారు. పాఠం బాగా చెప్పేవారు, ఆ మాట దాచను. కానీ బడికి పూలతోట లేకపోవడం ఆయనకు నామోషీ. క్రోటన్లు, మందారాలు తెప్పించి పిల్లలకు తలా ఒక పాదు అప్పగించారు. ఎండాకాలానికి బడి బావి అడుగంటింది. మేము పెన్న ఇసుకలో చెలమలు తవ్వి, ఊరిన నీళ్లు చెంబుతో ముంచి బిందెలతో మోసేవాళ్లం. ఆ నీళ్లు ముందు క్రోటన్లకు, మిగిలితే మాకు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లినయ్యాక అది తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. నాలుక పిడచగట్టుకుపోయిన పిల్ల చేత రంగుల ఆకుకు నీళ్లు పోయించడం ఏం చదువు?

నా పాదులో మందారం ఆ ఎండకే మాడిపోయింది. మాతోపాటు బడికి నీళ్లు మోసే అవ్వ నాకు గుప్పెడు తంగేడు గింజలు తెచ్చి ఇచ్చింది. వాళ్లది మేకలు కాసే ఇల్లు. ఎండన పడి నడిచేటప్పుడు తలగుడ్డ కింద తంగేడాకు పెట్టుకోవడం వాళ్ల అలవాటు. "గింజ తోలు మందం, ఉడుకునీళ్లలో నానెయ్. పదునులో యేసినాక ఇంగ దాని జోలికి పోవాకు" అని చెప్పింది. తొలకరికి వేశాను. మొక్క మీద ప్రేమకొద్దీ నేను తాగే నీళ్లు కూడా దానికే పోస్తుంటే ఆకులు పండిపోయాయి. "ఏందమ్మీ, దాన్ని సంపుతాండావా?" అని అవ్వ గసిరింది. నీళ్లు మానేశాను. మరుసటి ఎండాకాలానికి అది నా నడుమెత్తు పెరిగి, కొమ్మ కొమ్మకూ పసుపు గుత్తులు వేసింది. క్రోటన్లేమో తలలు వేలాడేసి ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే కర్నూలు నుంచి పెద్ద అధికారి వస్తున్నారని కబురొచ్చింది. "రేపు పొద్దుటికి అది వేళ్లతో సహా పోవాలి. చూసినవాళ్లు ఈ ఊరికి ముళ్లకంపలే గతి అనుకోరూ?" అన్నారు పెద్దయ్యవారు. తంగేడుకు ముల్లే ఉండదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇప్పటికీ నాకు ఆ నోటి మీదే కోపం.

సాయంత్రం బడి వదిలాక నేనే పీకబోయాను. బెరడు పేలికలుగా ఊడి చేతిలోకి వచ్చింది. అరచెయ్యి చీరుకుపోయింది. మొక్క మాత్రం కదల్లేదు. ఏడుస్తూ కూలబడ్డ నన్ను అవ్వ చూసింది.

"పీకేది నీ వల్ల యాడయితాది? దాని యేరు నీకన్నా శానా లోతుకు పొయ్యింది."

"పెద్దయ్యవారు కొడతాడవ్వా!"

"కొట్టడులే. తప్పుకో. మేము కట్టెలకని యేటేటా దీన్ని నరుకుతాం. నరికితే సావదు, రోషమొచ్చి ఇంకా గుబురుగా లేస్తాది."

కొడవలితో నేలమట్టానికి కోసి, మొదలు మీద ఓటికుండ ఒకటి బోర్లించింది. "ఎవురన్నా అడిగితే లోపల కోడి పొదుగుతాంది, ఎత్తితే పొడుస్తాదని చెప్పు" అంది. ఏడుస్తూనే నవ్వాను. అధికారి వచ్చారు, క్రోటన్లను మెచ్చుకున్నారు, వెళ్లిపోయారు. వానలు పడ్డాక కుండ తీసి చూస్తే మోడు చుట్టూ ఏడు చిగుళ్లు.

ఇన్నేళ్లూ ఆ కుండ తెలివిని తలుచుకుని మురిసిపోయాను, పిల్లలకు కథలా చెప్పాను. ఇప్పుడు మా ఆయన ఉద్యోగం వల్ల సముద్రం పక్క ఊళ్లో అద్దెకుంటున్నాం. ఇంటి చుట్టూ ఇసుక. ఉప్పుగాలికి గులాబీలు, కనకాంబరాలు మాడిపోయాయి. పుట్టింటి నుంచి తంగేడు కాయలు తెచ్చి, అవ్వ చెప్పినట్టే వేశాను. రెండేళ్లకు ఇసుకలో పసుపు ఆరబోసినట్టు పూసింది. నిన్న ఇల్లుగలావిడ తన చుట్టాలొస్తున్నారని నాతో మాటమాత్రమైనా అనకుండా దాన్ని కొట్టించేసింది. అడిగితే, "గుమ్మం ముందర ఆ అడివి కంప ఏవిటండీ, మీ వైపు అవే పూలు కాబోలు!" అని నవ్వింది.

ఆ నవ్వు కంటే నా పెద్దపిల్ల మాటకు నాకు నిద్ర పట్టలేదు. "అమ్మా, అది మన ఊరినుంచి తెచ్చామని ఎవరికీ చెప్పొద్దులే" అంది.

అప్పుడు తెలిసింది, ఆ కుండ కింద నేను కూడా ఉన్నానని. కోపం అవ్వ మీద కాదు. చెట్టును బతికించడానికి ఆమెకు దాచడం తప్ప దారి మిగల్చని వాళ్ల మీద.

ఈ ఉదయం పిల్లలిద్దర్నీ మోడు దగ్గరికి తీసుకెళ్లాను. వేరు లోపల క్షేమంగా ఉందని, నీళ్లు పోయొద్దని చెప్పాను. చిన్నది కథ గుర్తుపెట్టుకుని దొడ్లోంచి పాత కుండ మోసుకొచ్చింది.

"వద్దమ్మీ, దీని మీద ఏదీ బోర్లించం. ఎవరన్నా ఇదేందని అడిగితే తంగేడని చెప్పండి. యాడిదని అడిగితే, మా ఊరిదని చెప్పండి" అన్నాను.