అవ్వ చెయ్యి ఆనించి నడిచిన గోడ

మా చిన్నప్పుడు ఇంట్లో గోడ పగలగొట్టాలంటే ముందు సున్నం పొడి కావాల... గడ్డపార తర్వాత.

మా నాయన చెంగప్ప మేస్త్రీ. గుడియాత్తంలో, వేలూరులో పాత ఇండ్లు పగలగొట్టి మార్చి కట్టేదాంట్లో ఆయన్ని మించినోడు లేడు. మా నాయన కాబట్టి చెప్పడం లే... ఉండే మాట చెప్తా ఉండా.

గోడ యాడ వస్తాది, వాకిలి యాడ వస్తాది అని నేల మీద సున్నం పొడితో గీసేవాడు. ఇంటాయన సరే అంటే చాలదు. వంటింట్లో ఉండే కోడల్ని కూడా పిలిచి, "బిందె చంకన పెట్టుకోని ఈ గీతల్లో నడువమ్మా" అనేవాడు.

వేలూరులో ఒక పెద్దాయన ఎగతాళి చేసినాడు... "ఏమప్పా మేస్త్రీ, ఇల్లు కట్టేదానికి వచ్చినావా, మా కోడలికి నడక నేర్పేదానికా?"

మా నాయన తగ్గలే. "నీళ్ళు మోసేది నువ్వా సామీ? మోసే ఆమెని చెప్పనీ."

మోచెయ్యి తగల్తాదని ఆ కోడలు చెప్తే వాకిలి జానెడు జరిపినాడు.

అట్లాంటి మనిషి... మా సొంత ఇంట్లో ఎవురినీ అడగలే.

మా చిన్నాయనకి పెండ్లి కుదిరింది. మాది మట్టిగోడల పెంకుటిల్లు, లోపలంతా ఇరుకు. కొత్త కోడలు వచ్చేలోగా నడిమిగోడ తీసేసి, ఇల్లు విశాలంగా చెయ్యాలని నాయనకి ఆశ.

ఆ గోడ మా అవ్వది. అవ్వ అంటే నాయన్ని కన్నతల్లి. కండ్లు పోయి శానా కాలమైంది. అయినా ఎవురి చెయ్యీ పట్టుకునేది కాదు. మంచం దిగి ఎడమచెయ్యి గోడకి ఆనించిందంటే... వక్కాకు సంచి పెట్టిన గూడు, ఉప్పు జాడి, పెరటి వాకిలి, అన్నీ ఆ చేతికి తెలుసు. చెయ్యి రాసి రాసి గోడ మీద ఒక చార నున్నగా అయిపోయింది. "నాకు లేకపోతే ఏమిరా, గోడకి ఉండాయి కండ్లు" అనేది. పొద్దున్నే మమ్మల్ని తిట్టి లేపేది ఆమే.

దుమ్ముకి దగ్గొస్తాదని నాయన ఆమెని తిరువలంలో మా మేనత్త ఇంట్లో వదిలొచ్చినాడు. గోడ సంగతి ఎత్తలే. మా అమ్మ ఒక మాట అనింది... "అత్తకి చెప్పి పగలగొట్టు."

"సొంత ఇంట్లో ఎవురికి చెప్పేదే? వచ్చినాక చూసి సంతోషపడ్తాది" అన్నాడు.

చూసి...

పని అయినాక తీసుకొచ్చినాడు. గడప దాటించి చెయ్యి వదిలినాడు. అవ్వ ఎడమచెయ్యి చాపింది. ఏమీ తగల్లే. ఇంకో అడుగేసింది. తగల్లే. రెండు చేతులూ చాపుకోని ఇంటి నడుమ నిలబడిపోయి అడిగింది... "ఒరే చెంగా, ఎవురింటికి తెచ్చినావురా నన్ను?"

పిలకాయలం నవ్వినాము. అమ్మ నవ్వలే. నాయన మొహం చూసి మేమూ ఆపేసినాము.

మర్నాడు మంచం కాడ్నించి పెరటి దాకా తాడు కట్టినాడు. "నేనేమన్నా ఆవునా, తాడుతో తోలేదానికి?" అనింది అవ్వ. దాన్ని ముట్టుకోలే. ఇటికలు తెచ్చి నడుమెత్తు గోడ లేపినాడు. చెయ్యి పెట్టి తడిమి, "ఇది నన్నెరగదు లేరా" అనింది.

దాని తర్వాత మంచం దిగాలంటే మా అమ్మని పిలవాల. పిలిచేది ఆమెకి ప్రాణం పోయినట్టు. అందుకని నీళ్ళు తాగేది తగ్గించేసింది... నీళ్ళు తాగితే పెరట్లోకి పోవాల గదా. అమ్మ బతిమాలితే "దప్పిక లేదు మే" అనేది. వేలూరు ఎండల్లో దప్పిక లేదంట! పెదాలు పగిలి ఉండేవి. ఆ ఎండాకాలం దాటలే మా అవ్వ.

ఆ మీదట నాయన ఎవురింటికి పనికి పోయినా మొదట అడిగేది ఒకటే... "ఇంట్లో మూలన పండుకోనుండే పెద్దోళ్ళు ఎవురన్నా ఉండారా?" వాళ్ళ మంచం కాడ కూర్చోని, "అమ్మా, మీ ఇంట్లో గోడ తీస్తా ఉండాము, మీరు యాడ చెయ్యి పెట్టుకోని నడుస్తారు?" అనేవాడు. చెవుడు ఉన్నోళ్ళకి అరిచి చెప్పేవాడు. కన్నతల్లికి చెప్పాల్సిన మాట ఊళ్ళో అవ్వలందరికీ చెప్పినాడు... ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ.

ఇప్పుడు నా కొడుకులదీ అదే పని. ఫోన్లో గ్రూపు పెడతారు. ఇంటాయన, ఇంజినీరు, టైల్సు ఆయన, అందురూ ఉంటారు. గోడ లేవకముందే ఇంటి బొమ్మ రంగురంగులుగా వస్తాది. మంచిదే, నేను కాదనను. పొద్దంతా ఆ ఇంట్లో ఉండే ముసలామె మాత్రం ఆ గ్రూపులో ఉండదు...

మీ ఇండ్లల్లో పెద్దోళ్ళకి చెప్పి పగలగొట్టినారా, చెప్పకుండానా? రాయండి... అక్షరాలు కూడబలుక్కోని చదివేవాణ్ణి, నిదానంగా అయినా అన్నీ చదువుతా. వాళ్ళింకా బతికుంటే మాత్రం నాకు రాసేది తర్వాత పెట్టుకోండి. ముందు లేచి పోయి అడగండి.