మహిపాల్ అలిగిపోలేదు

మహిపాల్‌కు పెళ్లాంతో ఏ గొడవా లేదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. ఎల్లారెడ్డిపేట నుంచి ముస్తాబాద్ దాకా ఇంకా నమ్మనివాళ్లు చాలామందే ఉన్నారు.

అసలు జరిగిందేమిటంటే, సైకిల్ మీద ఎర్రమట్టి మొరం రోడ్లు పట్టుకుని పోయి, ఒక రాత్రి గుట్ట కింద పడుకుని, పొద్దున్నే ఇంటికి రావాలని మహిపాల్‌కు బుద్ధి పుట్టింది. పని మీద కాదు, మొక్కు కాదు, ఊరికే. ఈ 'ఊరికే' అన్న మాట మన దగ్గర ఎవరికీ తలకెక్కదు.

అతను పద్దెనిమిదేళ్లు దుబాయిలో నీళ్ల ట్యాంకర్ నడిపాడు. సెలవు రోజుల్లో ఎడారి పక్క మట్టిదారుల్లో కొందరు సైకిళ్లకు సంచులు కట్టుకుని పోయేవారు. రాత్రికి డేరాలు వేసుకుని పడుకుని మర్నాడు తిరిగొచ్చేవారు. మొదట్లో వాళ్లను చూసి జాలిపడ్డాడు, పాపం రూములు దొరకలేదేమోనని. పోనుపోను కుళ్లుకున్నాడు. వాళ్లను ఎవరూ పంపలేదు, ఎవరూ రమ్మనలేదు. తనేమో బుద్ధెరిగినప్పటి నుంచీ ఎవరో ఒకరు తరిమితేనే ఇల్లు కదిలిన మనిషి.

ఇంటికొచ్చేశాక, బిడ్డ సృజన కాలేజీకి తొక్కిన లావు టైర్ల సైకిల్ మూలన పడి ఉండటం కంటబడింది. ఫోన్‌లో వీడియోలు పెట్టుకుని చదువు మొదలెట్టాడు. మొదటిసారి పోయేవాళ్లు బరువు తక్కువ పెట్టుకోవాలట. కొత్త సామాన్ల కోసం ఎగబడకుండా ఇంట్లో ఉన్నదే కట్టుకోవాలట. అన్నిటికన్నా ముఖ్యంగా ఇంటికి దగ్గరలోనే తిరగాలట, ఏ ఇబ్బంది వచ్చినా వెనక్కి రావచ్చని. ఆ వీడియో చేసినాయనకు చుట్టాలు లేనట్టుంది.

డేరా మాత్రం ఇంట్లో లేదు కాబట్టి, మరమగ్గాల గుడ్డ తీసుకుని సిరిసిల్లలో కుట్టించాడు. "మేకపిల్లలకా?" అనడిగాడు దర్జీ. "నాకే" అన్నాడు మహిపాల్. అతని పొడవు కొలిచేటప్పుడు దర్జీ కాస్త దూరంగా నిలబడ్డాడు.

బయల్దేరే రోజు చద్దరి, గొంగడి చుట్టి సైకిల్ వెనక కడుతుంటే స్వరూప వాకిట్లోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మూట కట్టుకొని మొగోడు ఇల్లిడిసి పోతే జనం ఏమంటరు? పెండ్లం ఎల్లగొట్టిందంటరు."

"లోకులు కాకులు. వాళ్ల సంగతి మనకేంది?"

"కాకులే. గని పొడిచేది నన్ను." గొంతు తగ్గించింది. "పోనీ, కొండగట్టుకు మొక్కున్నదని చెప్పు."

"అంజన్న పేరు మీద అబద్ధమాడుమంటవా? అయినా కొండగట్టు గటుదిక్కు, నేను పోయేది గిటుదిక్కు."

స్వరూప తలుపు గట్టిగా వేసింది. అలా వెయ్యకుండా ఉండాల్సింది. ఎదురింటివాళ్లు విన్నారు.

ఊరి బయట పోశవ్వ హోటల్ ఉంది. చాయ్ తాగుదామని ఆగాడు. పోశవ్వ మొదట మూటను చూసింది, తర్వాత మొహాన్ని చూసింది. అడక్కుండానే రెండు గారెలు ఎక్కువ వేసింది.

"మా ముసలాయన గిట్లనే మూట కట్టుకొని మస్తుసార్లు పోయిండు. ఆకలైనంక అచ్చిండు. నువ్వు గూడ పొద్దుగూకకముందే ఇంటికి పో కొడుకా."

"నేను అలగలే పోశవ్వా."

"అలిగినోళ్లంత గదే అంటరు."

మొరం రోడ్డు మొదలైన చోట సైకిల్ దిగి రెండు చక్రాల గాలీ కొంచెం తీశాడు. మెత్తగా ఉంటే కంకర మీద జారదని వీడియోలో చెప్పారు. అటుగా బర్రెలను తోలుకుపోతున్న మనిషి నిలబడి చూశాడు. "నీ సైకిల్ గాలి నువ్వే తీసుకుంటున్నవా?" అన్నాడు మెల్లగా. జవాబు వినకుండానే బర్రెలను అదిలించుకుని గబగబా పోయాడు.

ఇక తాటివనంలో బుచ్చన్న. మహిపాల్‌కు కాక వరస. నడుముకు మోకుతాడు బిగించుకుని చెట్టు మీద ఉన్నాడేమో, ఆ మూట ఆయనకు చాలా దూరం నుంచే కనబడింది.

"ఆగురా మహిపాలూ! ఏమైందిరా? జర కల్లు తాగి పో!"

"వద్దు కాకా, ఇంక చానా దూరం తొక్కాలె."

బుచ్చన్నకు గుండెల్లో రాయి పడింది. వాళ్ల వంశంలో కల్లు వద్దన్నవాడు లేడు. మోకు మీద వేలాడుతూనే జేబులోంచి ఫోన్ తీసి, ముస్తాబాద్‌లో ఉన్న మహిపాల్ బామ్మర్ది సతీశ్‌కు కొట్టాడు. "గుట్ట దిక్కు పోతున్నడు, కల్లు గూడ వద్దన్నడు బిడ్డా. మనసు మస్తు ఇరిగింది."

పొద్దు వాలేసరికి మహిపాల్ గుట్ట కిందికి చేరాడు. తొడలు పీకుతున్నాయి, నడుం పట్టేసింది, ప్రాణం మాత్రం హాయిగా ఉంది. డేరా నిలబెట్టి, దాని ముందు కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. పిట్టలు గూళ్లకు పోతున్నాయి. పద్దెనిమిదేళ్లు ట్యాంకర్ కిటికీలోంచి చూసింది ఇదేనా అనుకుని నవ్వుకున్నాడు. ఆ నవ్వు పూర్తి కాకముందే మోటార్ సైకిళ్లు వచ్చాయి.

ముందు సతీశ్. వెనక ఇద్దరు పెద్దమనుషులు, పంచాయితీ తెంపడానికి తువ్వాళ్లు సర్దుకుంటూ.

"బావా, మా అక్క నోరు జర పెద్దదే. నాకు తెల్వదా? ఈసారికి ఇడిసిపెట్టు" అన్నాడు సతీశ్ చేతులు పట్టుకుని.

"ఎవలి నోరు పెద్దదిరా?"

స్వరూప. ఆటో ఎప్పుడొచ్చిందో ఎవరూ చూసుకోలేదు. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. పెద్దమనుషులు ఒక అడుగు వెనక్కి వేశారు.

అప్పుడు మహిపాల్‌కు నిజంగానే కోపం వచ్చింది, కానీ ఆమె మీద కాదు.

"పద్దెనిమిదేండ్లు దుబాయి పోయిన. నేను బస్సెక్కిన నాడు ఒక్కలన్న ఆపిండ్రా? పెండ్లాం పిల్లల్ని ఇడిసి యాడికి పోతున్నవని అడిగిండ్రా? అందరు చేతులూపిండ్రు! గియ్యాల ఒక్క రాత్రికి, ఊరికెనే పోతే, మండలమంత అడ్డం తిరిగింది!"

పెద్దమనుషులు నేల చూశారు. బస్సు రోజున చేతులూపినవాళ్లలో సతీశ్ కూడా ఉన్నాడు.

స్వరూప అతని మొహంలోకి చూసింది, తర్వాత ఆ మేకపిల్ల డేరాను చూసింది. చెంగు దోపుకుని తమ్ముడి వైపు తిరిగింది.

"అవునురా. నేనే ఎల్లగొట్టిన. మస్తు తిట్టిన. పొద్దుగాల్ల ఆయనే అస్తడు. ఇయ్యాల్టికి పండనియ్యిండ్రి."

పొద్దుటి నుంచీ ఏ మాట తన మీద పడుతుందని భయపడిందో, ఆ మాటను తనే నెత్తిన వేసుకుంది. టిఫిన్ డబ్బా డేరా ముందు పెట్టి ఆటో ఎక్కింది. పెద్దమనుషులు తృప్తిగా తలలూపి మోటార్ సైకిళ్లు తిప్పారు.

పొద్దున్నే మహిపాల్ తిరుగుదారి పట్టాడు. పోశవ్వ హోటల్ ముందు జనం బాగానే ఉన్నారు.

"ఏం కొడుకా, కలిసిపోయిండ్రా?"

నిన్నంతా కాదు కాదన్న మనిషి సైకిల్ దిగి, అందరికీ వినబడేలా గొంతెత్తాడు. "కలిసినం పోశవ్వా! దాని తప్పేం లేదు, తప్పంత నాదే! ఊరికెనే అలిగిన!"

ఇల్లు చేరేసరికి ఆ మాట ఫోన్‌లో అతనికన్నా ముందే చేరింది. స్వరూప వాకిట్లో నిలబడి ఉంది. నవ్వు ఆపుకుంటోంది.

"తప్పు నీదేనా?"

"నాదే."

ఆమె మూట విప్పి, గొంగడి దులిపి దండెం మీద ఆరేసింది.

"మరి మళ్ల ఎప్పుడు అలుగుతవ్?"