దుప్పటి అవతలి కొస

దుప్పటి మడతపెట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇంట్లో చిన్న దుప్పటైతే గడ్డం కింద నొక్కిపట్టి, మోకాలి మీద వేసుకుని ఎలాగోలా కానిచ్చేయొచ్చు. పెద్ద హోటల్లో మంచాలు వేరు, భార్యాభర్తలు పోట్లాడుకుని పడుకున్నా ఒకరి కాలు ఒకరికి తగలనంత వెడల్పు. ఆ దుప్పట్లకి ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని, వెనక్కి జరిగి, బిగించి లాగి, మళ్లీ దగ్గరికొచ్చి కొసకి కొస కలపాలి. ఆ హోటల్ కింది అంతస్తులో, బట్టలుతికే యంత్రాల పక్కన, సబ్బు వాసనలో పీటమ్మ ఏళ్ల తరబడి అదే పని చేస్తోంది.

ఆమె అసలు పేరుతో అక్కడెవరికీ అవసరం పడలేదు. మనిషి పొట్టి. ఆమె జత పొడుగక్క, గుమ్మం దగ్గర తల వంచనిదే లోపలికి రాలేనంత మనిషి. ఇద్దరినీ కలిపి 'నిచ్చెనా పీటా' అనేవాళ్లు. నిచ్చెన అన్న పేరు రాలిపోయింది, పీట మాత్రం అతుక్కుపోయింది. వెక్కిరింపు పేర్లు ఎప్పుడూ పొట్టివాళ్లకే అతుకుతాయి, అదేం న్యాయమో.

దుప్పటి మడతలో మాట్లాడుకోవడానికి ఒక పద్ధతుంది. దగ్గరికొచ్చినప్పుడు ఒకరు ఒక మాట అంటారు. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చినప్పుడు రెండోవాళ్లు జవాబిస్తారు. మధ్యలో యంత్రాల హోరు, అరిచినా వినపడదు. అలా పొడుగక్క తన మేనకోడలి పెళ్లి సంబంధం తప్పిపోయిన కథ ఒకటి పొద్దున మొదలుపెడితే, తిండి వేళకి గానీ పెళ్లికొడుకు గుమ్మం ఎక్కలేదు. పీటమ్మకి పెళ్లి కాలేదు, తల్లి పోయింది, మేడ మీద ఒంటి గదిలో ఉంటుంది. పని ముగించుకుని గదికి వెళ్లాక మళ్లీ పొద్దున్నదాకా నోరు తెరిచే పని ఉండదు. లోకంలో ఆమెతో మాట్లాడే మనిషి ఆ దుప్పటి అవతలే ఉంది. జబ్బు వచ్చినప్పుడు ఆమె భయమంతా ఆ తోడు పోతుందేమోననే.

మొదట భుజాల దగ్గర మొదలైంది. ఆ పనిలో భుజం నొప్పి లేనిదెవరికి? తర్వాత నడుముకి, మోకాళ్లకి, చేతివేళ్లకి పాకింది. పొద్దున లేచేసరికి ఒళ్లంతా రోకలితో దంచి వదిలేసినట్టుండేది. ఎంతసేపు పడుకున్నా నిద్రపోయినట్టే ఉండేది కాదు. ఒంటి మీద బట్ట కుట్టు రాసుకున్నా చర్మం భగ్గుమనేది. ఒకసారి బకెట్ అనే మాట గుర్తురాక, "అదే, నీళ్లు పట్టుకునేది" అని చెయ్యి తిప్పి చూపించాల్సి వచ్చింది. రక్తం తీశారు, ఎక్స్‌రేలు తీశారు, అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. అంతా బాగుందని చెబితే కూర్చుని ఏడ్చిన మనిషిని ఆ ఆసుపత్రి వాళ్లు అంతకుముందు చూసి ఉండరు.

చివరికి ఒక డాక్టరమ్మ ఓపిగ్గా అన్నీ అడిగి, ఒళ్లంతా నొక్కి చూసి, దీన్ని ఫైబ్రోమయాల్జియా అంటారంది. కండల్లో దెబ్బేమీ లేదు, అందుకే పరీక్షల్లో దొరకదు, అలాగని నొప్పి అబద్ధమూ కాదని చెప్పింది. పక్కింటివాళ్లు రేడియో గొంతు పెంచేసినట్టు నరాలు నొప్పి గొంతు పెంచేస్తాయట. కొన్నాళ్లు సర్దుకుని ఉంటుంది, ఉన్నట్టుండి ముదురుతుంది, మళ్లీ తగ్గుతుంది. నిద్ర చాలకపోయినా, దిగులు పెట్టుకున్నా, చలి ముదిరినా, ఒంటిని మరీ హూనం చేసినా ముదరొచ్చు. బాగున్న రోజు కదా అని రెండు రోజుల పని చెయ్యకండి, కొంచెం కొంచెం నడవండి, పనిచేసే చోట చెప్పండి అంది. పీటమ్మ అన్నిటికీ తల ఊపింది. ఆఖరి దానికి కూడా ఊపింది, అబద్ధం ఆడటానికి తలైనా చాలు కదా.

ముదిరే రోజులకి ఆమె తనలో తను ఒక పేరు పెట్టుకుంది. 'ఆడబిడ్డ దిగింది' అనుకునేది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. చెప్పకుండా వస్తుంది, పెత్తనం చేస్తుంది, ఎప్పుడు వెళ్తావమ్మా అని అడగడానికి లేదు. పూర్తి మొగుడు లేకుండా సగం మొగుడితో కాపురం చెయ్యడం తనకే చెల్లిందని నవ్వుకునేది. ఆ నవ్వు పంచుకోవడానికి గదిలో ఎవరూ లేరు, కుళాయి తప్ప.

తమ్ముడికి చెప్పి చూసింది. వాడు ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. "వయసొస్తోంది కదక్కా, అందరికీ నొప్పులే" అన్నాడు. మరదలు ఫోన్ అందుకుని, మొన్న పిల్లాడి పుట్టినరోజున అంత చలాకీగా తిరిగారు కదా వదినా అంది. తిరిగిన మాట నిజమే. ఆ తర్వాత మంచం దిగలేకపోయిన రోజులు వాళ్లెవరూ చూడలేదు. జ్వరమైతే ఒళ్లు కాలుతుంది, దెబ్బైతే కట్టు కనపడుతుంది. ఈ పాడు జబ్బుకి సాక్ష్యం లేదు, అనుభవించేవాళ్లు చెప్పింది నమ్మాలి. నమ్మడానికి జనానికి ఎంత బద్ధకమో పీటమ్మకి ఆ ఫోన్‌తో తెలిసింది. ఇంకెవరికీ చెప్పలేదు.

పనిచేసే చోట చెప్పకపోవడానికి ఇంకో కారణం ఉంది. చెయ్యి సత్తువ తగ్గినవాళ్లని అక్కడ తీసెయ్యరు, తువ్వాళ్ల బల్లకి పంపిస్తారు. తువ్వాలు ఒక్కరే మడవొచ్చు, కూర్చుని మడవొచ్చు. ఆ బల్ల మాత్రం దూరంగా, బట్టలారబెట్టే యంత్రాల వెనక, గోడవైపు మొహం పెట్టి ఉంటుంది. అక్కడికి వెళ్లిన మనిషిని పగలంతా పలకరించేవాళ్లుండరు. అందుకే బాగున్న రోజున పీటమ్మ ఇద్దరి పని చేసేది, బాగాలేని రోజున ఎవరూ వేలెత్తి చూపకుండా. దాంతో ఆడబిడ్డ మరింత తొందరగా దిగేది. డాక్టరమ్మ వద్దన్నది సరిగ్గా అదే, అయినా భయపడే మనిషికి డాక్టరు మాట చెవికెక్కుతుందా.

ఒకరోజు పొడుగక్క దగ్గరికొచ్చినప్పుడు, ఏమే, చెయ్యి వణుకుతోంది, బాగానే ఉన్నావా అని అడిగింది. పీటమ్మ కొసలు గట్టిగా బిగించింది. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. నీ పని నువ్వు చూసుకో" అని కసిరింది. పొడుగక్క వెనక్కి జరిగింది. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆ తర్వాతే దుప్పటి వదులైంది.

దుప్పట్లవాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. జత నచ్చకపోతే నోటితో చెప్పరు. రోజూ మొహాలు చూసుకోవాలి కదా, ఎందుకొచ్చిన గొడవ. దుప్పటి వదులుగా పట్టడం మొదలుపెడతారు. గట్టిగా లాగకపోతే నడుమ జారి, మడత వంకరొస్తుంది. నాలుగు రోజులు వంకర దుప్పట్లు వచ్చేసరికి సూపర్‌వైజర్ గొణుక్కుంటూ జతలు మార్చేస్తాడు. ఎవరూ ఎవరినీ వద్దనలేదు, ఎవరి మర్యాద వాళ్లకుంది. పీటమ్మ కళ్లముందే అలా ఎన్నో జతలు విడిపోయాయి.

ఇప్పుడు అవతలి కొస పట్టిన చేతుల్లో బిగువు లేదు. పీటమ్మకి మొదట నమ్మబుద్ధి కాలేదు. తను వెనక్కి జరిగి లాగితే అటువైపు నుంచి దుప్పటి తేలిగ్గా వచ్చేస్తోంది. మణికట్లకి హాయిగానే ఉంది, మనసుకే ఉరి పడ్డట్టుంది. పైగా పొడుగక్క టీ వేళ ఆమెతో కూర్చోవడం మానేసింది. నువ్వెళ్లు, నాకు చిన్న పనుంది అని లోపలే ఉండిపోయేది. ఇంకేం కావాలి రుజువు? తను కసిరిన మాట గుర్తొచ్చి పీటమ్మ తనని తాను తిట్టుకుంది. క్షమించమని అడుగుదామనుకుంది. అడిగితే, నీకు చేతకావట్లేదు కాబట్టే వదిలేస్తున్నా అని మొహాన అంటుందేమోనని ఆగిపోయింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు, పొడుగక్క మాత్రం ఏం చేస్తుంది.

వద్దనిపించుకోవడం కన్నా ముందే తప్పుకోవడం మేలనుకుంది. సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి, నన్ను తువ్వాళ్లకి మార్చండి అని అడిగింది. ఆయన ఆశ్చర్యపోయి, ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగాడు. ఎవరూ ఏమీ అనలేదంది. అది నిజమే, ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు పొడుగక్క ఎదురుగా కొత్తగా చేరిన అమ్మాయి నిలబడింది. పొడుగక్క ఒక్కసారి గోడవైపు చూసి, కొసలు అందుకుంది.

తువ్వాళ్ల బల్ల దగ్గర పీటమ్మ ఒంటికి మంచే జరిగింది. కూర్చుని పని, లాగుడు లేదు, అలిసినప్పుడు కాస్త ఆగొచ్చు. ఆడబిడ్డ రాకపోకలు తగ్గాయి. వచ్చినా మునుపటంత పెత్తనం చెయ్యట్లేదు. డాక్టరమ్మ చూసి సంతోషించింది. పీటమ్మకి మాత్రం మధ్యాహ్నం వేళ గొంతు పట్టేసినట్టుండేది, పొద్దుట్నించీ మాట్లాడక. ఒక్కోసారి తువ్వాలుతోనే "ఇటు తిరుగు" అని, ఎవరైనా విన్నారేమోనని వెనక్కి చూసేది. ఎవరూ వినలేదు. ఎవరైనా విని నవ్వినా బాగుండునని ఆమెకి అనిపించింది.

కొన్నాళ్లకి సూపర్‌వైజర్ తువ్వాళ్ల లెక్క చూసుకోవడానికి వచ్చి, మాటల్లో నవ్వాడు.

"మీ పొడుగక్క భలే మనిషమ్మా. నా పట్టు తగ్గిపోయింది, ముసలిదాన్నవుతున్నా, దుప్పటి వదులైపోతోందని అప్పట్లో నా దగ్గర చెప్పుకుంది. వంకరొచ్చినవన్నీ టీ మానేసి నేనే మళ్లీ మడుస్తా, మా జత మాత్రం మార్చొద్దని బతిమాలుకుంది. ఇప్పుడు చూడండి, ఆ కొత్తమ్మాయితో దుప్పటి చిరిగేట్టు లాగుతోంది. ఆ ముసలితనం ఏమైపోయిందో మరి."

ఆయన నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. పీటమ్మ చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. పొడుగక్క పట్టు ఎన్నడూ తగ్గలేదు. గట్టిగా లాగితే ఎదుటి మణికట్లు ఓర్చుకోలేవని ఆ దుప్పటిలోంచే ఆమెకి తెలిసిపోయింది. అందుకని వదులుగా పట్టింది. వచ్చిన వంకర తన నెత్తిన వేసుకుంది, టీ మానుకుని సరిచేసుకుంది. ఆనవాయితీ తెలిసిన పీటమ్మ దాన్ని ఆనవాయితీ ప్రకారమే చదువుకుంది. ఆ పని తెలియని మనిషికైతే ఈ అనుమానమే వచ్చేది కాదు.

లేచి దుప్పట్ల దగ్గరికి నడిచింది. ఆవేళ మోకాళ్లు మొరాయిస్తున్నాయి, యంత్రాల చప్పుడు చెవుల్లో సూదుల్లా దిగుతోంది. పొడుగక్క, ఆ అమ్మాయి పెద్ద దుప్పటి మీద ఉన్నారు. పీటమ్మ పక్కన నిలబడి, పొడుగక్క దగ్గరికి వచ్చేదాకా ఆగింది.

"అక్కా, నాకు ఒళ్లంతా నొప్పులు. ఎప్పట్నించో."

పొడుగక్క ఆమెని చూసింది. చేతుల్లో దుప్పటి ఉంది, వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చింది.

"నాకు తెలుసు. నువ్వు నోరు విప్పి చెప్పలేదేం?"

"చెబితే నీ జత తప్పిస్తారని."

ఈసారి పొడుగక్క వెంటనే కదల్లేదు. అవతల కొత్తమ్మాయికి ఇవేవీ అంతుపట్టలేదు. కాసేపు చూసి, పాపం, పని ఆగిపోతోందని కొసలు మెల్లిగా లాగింది. పొడుగక్క వెనక్కి జరిగింది. దుప్పటి బిగించి, తిరిగి వచ్చి, కొసలు కలుపుతూ, పీటమ్మ మొహంలోకి చూడకుండా అంది.

"నేనూ అందుకేగా అడగడం మానేశాను."

కొత్తమ్మాయి మడతపెట్టిన దుప్పటి పక్కన పెట్టి, ఇంకోటి అందించింది. పొడుగక్క కొసలు పట్టుకుంది. పీటమ్మ కాసేపు అక్కడే నిలబడింది. కాళ్లు నిలబడనివ్వక, తువ్వాళ్ల బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.