అడగకుండా తాకిన చెయ్యి

తొంభైలలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో, నాకు తెలియనిది లేదనుకునే వెధవాయిని. నారాయణఖేడ్‌లో కంగ్టి వెళ్లే బస్సెక్కితే పక్కనే ఒకామె, ఎనిమిదేళ్ల కూతురు. పాప మాటిమాటికీ గౌను చేతులు పైకి లాక్కుంటోంది.

"బట్ట రాసుకున్నా ఏడుస్తది సారూ, ఏందో" అందామె.

వెంటనే పాఠం మొదలుపెట్టాను. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం ఉంటుందనీ, స్పర్శను ఎంత గట్టిగా పట్టించుకోవాలో తేల్చడంలో దానికీ పాత్ర ఉందనీ చెబుతూనే, ముద్దుగా పాప బుగ్గ నిమిరాను. పాప కెవ్వుమంది.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"గింత చదివినవ్. పోరిని అడిగి ముట్టాల్నని ఎరుక లేదా?"

పిల్లను కిటికీ వైపు జరిపి, కాళ్ల దగ్గరున్న మూట తీసి మా మధ్య పెట్టింది.

తర్వాత ఇరవయ్యేళ్లు పాఠాలు చెప్పాను. మెచ్చుకోలుగానైనా, అడగకుండా ఏ పిల్లవాడి భుజమూ తట్టలేదు.